డాల్డా డబ్బా నుంచి గ్రోబ్యాగ్ దాకా

2024 మే నెలాఖరు. రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలంటారే, అవే. ఆదివారం కదా అని ఆలస్యంగా లేచి, కాఫీ పట్టుకుని బాల్కనీలోకొస్తే అమ్మ అప్పటికే కరివేపాకు మొక్క ముందు కూర్చునుంది.

"ఏరా, ఇది ఇట్లా పసుపెక్కిపోతోంది. వారం నుంచి చెప్తన్నా, నీకు పట్టిందా?"

పట్టలేదన్నది నిజం. పట్టినా చేసేదేం తెలీదు. హైదరాబాద్‌లో తొమ్మిదో అంతస్తు మాది. ఆ బాల్కనీలో ఇరవై రెండు కుండీలు. అన్నీ అమ్మవే, నాది వారాంతపు కూలీ ఉద్యోగం :) వేపనూనె కొట్టా, ఎరువేశా, యూట్యూబులో నాలుగు వీడియోలు చూసి నాలుగు రకాల సలహాలూ పాటించా. ఏమీ లాభం లేకపోయింది. చివరికి ఆ పెయింటు బకెట్‌ని బోర్లించి, అడుగున తట్టి, మొక్కని బయటికి లాగాను.

మట్టి కనబడలేదు. బకెట్ ఆకారంలో అన్నీ వేళ్ళే. అడుగుకొచ్చేసరికి తాడు చుట్ట చుట్టి పెట్టినట్టు గుండ్రంగా తిరిగి తిరిగి ఉన్నాయి.

అమ్మ కాసేపు చూసి, "పాపం, బయటికి పోదామని చూసిందిరా ఇది. దారి లేక అక్కడే తిరిగింది. దీన్ని నేలలో పెట్టాలి" అంది.

నేలలో. తొమ్మిదో అంతస్తు నుంచి ఎక్కడికెళ్ళి పెట్టాలి?

నేను ఆఫీసులో రోజంతా కంటెయినర్లతోనే పనిచేస్తాను. మన భాషలో కంటెయినర్ అంటే తెలిసిందేగా, ప్రోగ్రాముకి కావాల్సిన సరంజామా అంతా ఒక డబ్బాలో సర్దేస్తే, ఆ డబ్బాని ఏ మెషీన్ మీద పెట్టినా నడుస్తుంది. ఎక్కడైనా నడవడమే దాని గొప్ప. కుండీ కూడా అంతేకదా అనుకున్నా ఇన్నాళ్ళూ. ఆ వేళ్ళు చూశాక అనుమానమొచ్చింది. అసలు మనవాళ్ళు మొక్కని నేల నుంచి లేపి కుండీలో ఎప్పట్నుంచి పెడుతున్నారు, ఎందుకు పెట్టారు? మా ఊరి చుట్టుపక్కల నేను చూసినవీ, చదివినవీ కలిపి ఏడాదిపాటు ఆలోచించా. ఆ ఏడాదిలో బాల్కనీలో ఏ రుతువు నడుస్తుంటే దానికి తగ్గ చరిత్రే తట్టింది. అందుకే ఇది ఆ వరసలోనే రాస్తున్నా.

రోహిణి: మట్టికుండకీ సంచికీ తేడా

ముందు ఆ మొక్క సంగతి. చుట్టూ ఉన్న వేళ్ళు పైపైన కత్తిరించి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమంగా కలిపి పెద్ద గ్రోబ్యాగ్‌లోకి మార్చాం. ఇది తాత్కాలికమే అని అమ్మ ముందే చెప్పింది. ప్రొడక్షన్‌లో రాత్రికి రాత్రి వేసే అతుకులాంటిదన్నమాట.

ఎండాకాలం కుండీలు పెట్టుకునేవాళ్ళకి ఒక్క ముక్క. కాల్చిన మట్టికుండకి సన్నటి రంధ్రాలుంటాయి. నీళ్ళు గోడలోంచి ఊరి, ఆరుతూ మట్టిని చల్లగా ఉంచుతాయి. ఇంట్లో తాగునీళ్ళ కుండ సూత్రమే. కాకపోతే త్వరగా ఎండిపోతుంది, రెండుపూటలా పోయాలి. ప్లాస్టిక్ నీటిని పట్టి ఉంచుతుంది కానీ వేడెక్కుతుంది, అందులో నల్లరంగుదైతే మరీను. అందుకే అమ్మ బకెట్లన్నిటికీ సున్నం పూస్తుంది. పూసి ఊరుకోదు, పైన జాజుతో రెండు ఎర్రటి పట్టీలు వేసి, మధ్యలో చుక్కలు పెడుతుంది. మా ఊళ్ళో అరుగులకి వేసే ముస్తాబే. "బోడి ప్లాస్టిక్ పెట్టుకుంటే ఇల్లు గోడౌన్‌లా ఉంటుంది" అంటుంది. మా ఆవిడ స్నేహితులొచ్చి ఆ బకెట్లకి ఫోటోలు తీసుకుని, ఏ షాపులో కొన్నారని అడిగిపోతుంటారు.

వానాకాలం: 43, 48, 53

భద్రాచలం దిగువన గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళకి మూడంకెలు పాస్‌వర్డులా గుర్తుంటాయి. 43, 48, 53. భద్రాచలం దగ్గర గోదారి ఎన్నడుగులకొస్తే ఒకటో హెచ్చరిక, రెండోది, మూడోది అన్న లెక్క. మూడోది దాటితే సామాను సర్దుకోవడమే.

1986 ఆగస్టులో 75.6 అడుగులొచ్చింది. ఇప్పటిదాకా రికార్డు అదే. నాకప్పుడు ఏడేళ్ళు. మా ఊరు కూనవరం దగ్గర, శబరి వచ్చి గోదార్లో కలిసే చోటికి కాస్త ఇవతల. గోదారి పోటెత్తితే శబరికి పోయే దారుండదు, వెనక్కి తన్నుతుంది. అంటే మాకు రెండువైపులా నీళ్ళే. నాన్న బియ్యం బస్తాలు మోస్తున్నాడు, అమ్మ చెల్లెల్ని ఎత్తుకుంది. మా నాయనమ్మ మాత్రం పెరట్లో తులసికోట దగ్గరికెళ్ళి, చేత్తో మట్టి తవ్వి, తులసి మొక్కని వేళ్ళతో సహా పెకిలించి, ఖాళీ డాల్డా డబ్బాలో పెట్టుకుని గుట్టెక్కింది. నాన్న తిట్టాడు కూడా, "ఇప్పుడా నీ భక్తి!" అని.

నేను కళ్ళారా చూసిన మొదటి 'కుండీ మొక్క' అదే. డాల్డా మన దేశంలోకి 1937లో వచ్చింది. పసుపచ్చ డబ్బా, మీద చెట్టు బొమ్మ. నెయ్యి కొనలేని ఇళ్ళలోకి వనస్పతి తెచ్చింది, ఖాళీ అయ్యాక బియ్యం కొలిచే డబ్బా అయింది, ఆపైన తుప్పు పట్టి మొక్కల డబ్బా అయింది. తెలుగు ఇళ్ళలో కుండీల చరిత్ర రాస్తే డాల్డాకి ఒక అధ్యాయం ఇవ్వాల్సిందే.

తులసికోట కూడా ఒకరకంగా కుండీయే, కాదనను. నేలమీంచి ఎత్తి, గోడ కట్టి, మట్టి పోసి మొక్క పెట్టడమే. కానీ అది కదలదు. ఇల్లున్నంత కాలం అక్కడే. డాల్డా డబ్బా కదులుతుంది. నీళ్ళు తీశాక తిరిగొచ్చి చూస్తే కోట లేదు, మోకాలెత్తు ఒండ్రు ఉంది. ఆ ఒండ్రులోనే నాయనమ్మ మళ్ళీ తులసి పెట్టింది. అంటే ఆవిడ దృష్టిలో డబ్బా అనేది ఇల్లు కాదు, పడవ. ఒడ్డు చేరేదాకా పనికొచ్చేది.

ఇదే మాట 2024లో ఇంకోలా రుజువైంది. సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో లోతట్టు కాలనీలన్నీ మునిగాయి. మా పిన్నివాళ్ళ కింద వాటాలో ఫ్రిజ్జు, మంచం, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదపాలు. డాబా మీద పెట్టిన పద్దెనిమిది కుండీలు మాత్రం భేషుగ్గా ఉన్నాయట. "మొక్కలు తప్ప ఏమీ మిగల్లేదే" అని పిన్ని ఫోన్లో నవ్విందో ఏడ్చిందో అమ్మకే తెలియాలి.

శ్రావణం: తీజ్ బుట్టలు

ఖమ్మం జిల్లాలో ఎటు వెళ్ళినా లంబాడీ తండాలుంటాయి. శ్రావణంలో అక్కడ తీజ్. పెళ్ళికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. మొలకలు ఎంత ఏపుగా వస్తే అంత మంచి మొగుడొస్తాడని నమ్మకం. తొమ్మిదోరోజు మొలకలు పంచుకుని, బుట్టలు చెరువులోనో వాగులోనో కలిపేస్తారు.

ఇంటర్లో నా రూమ్మేట్‌ది తండా. వాడితో వెళ్ళి చూశా మొదటిసారి. అప్పుడు తట్టలేదు కానీ ఇప్పుడు తడుతోంది. గోధుమలే ఎందుకు? మా వైపు వరి, పత్తి, మిర్చి, జొన్న. గోధుమ చేను కావాలంటే చూపించలేను. బంజారాల మూలాలు రాజస్థాన్ వైపువని చెప్తారు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ దేశమంతా తిరిగినవాళ్ళు. సైన్యాలకి తిండిగింజలు చేరవేసింది వాళ్ళే. రైళ్ళూ రోడ్లూ వచ్చి ఆ బతుకు పోయాక ఎక్కడివాళ్ళక్కడ తండాలు కట్టుకున్నారు. పాత నేలలో పండే గింజని కొత్త నేల మట్టిలో, బుట్టంత చోటులో, ఏడాదికి తొమ్మిది రోజులు పండించుకోవడం ఇది అని నాకనిపిస్తుంది. ఎవరైనా పండితులు కాదంటే ఒప్పుకుంటా, కానీ అంత తేలిగ్గా మాత్రం ఒప్పుకోను :)

విచిత్రమేంటంటే ఇలాంటిదే పాత గ్రీసు దేశంలోనూ ఉంది. ఏథెన్సులో ఆడవాళ్ళు ఎడోనిస్ అనే దేవుడి పేరున పగిలిన కుండల్లో తొందరగా మొలిచే విత్తనాలు చల్లి ఇళ్ళ కప్పుల మీద పెట్టేవాళ్ళు. నాలుగు రోజుల్లో పచ్చగా లేచి, ఎండకి మాడిపోయేవి. తీసుకెళ్ళి నీళ్ళలో పడేసేవాళ్ళు. ప్లేటో ఒకచోట సోక్రటీస్ చేత దీన్ని ప్రస్తావింపజేస్తాడు. బుద్ధున్న రైతు తను నిజంగా పండాలనుకున్న విత్తనాన్ని అలాంటి కుండలో వేస్తాడా, తగిన నేలలో వేసి నెలల తరబడి ఆగుతాడా అని. సుమారు 2,400 ఏళ్ళ కిందటే మన బాల్కనీల మీద పడిన మొదటి సెటైరన్నమాట.

కార్తీకం: బంతి మనదేనా?

కార్తీకం వచ్చేసరికి బాల్కనీకి కళొచ్చింది. బంతి, చామంతి, ఒక మూల డిసెంబరాలు మొగ్గ తొడుగుతున్నాయి. అమ్మ కుండీలు మెట్లు మెట్లుగా సర్దింది. వెనక ఎత్తుగా మందార, నందివర్ధనం, ముందు పొట్టి బంతులు, అంచుల్లోంచి కిందికి వేలాడుతూ గడ్డిగులాబీ. ఎంత సంప్రదాయంగా ఉందో అని ఫోటో తీసి పదిమందికి పంపా. ఆ తర్వాత ఏ మొక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని కూర్చుని, చూడకపోయినా బాగుండేదనుకున్నా.

బంతి మెక్సికోది. చామంతి చైనాది. గడ్డిగులాబీ, కాగితంపూలు, చంద్రకాంత అమెరికా ఖండాలవి. బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది. గుడి ప్రాంగణంలో ఉంటేనే అందమనుకునే దేవగన్నేరు, పేరులోనే దేవుణ్ణి పెట్టుకున్నది, అది కూడా అమెరికాదే. ఇక మిర్చి! ఖమ్మం మార్కెట్ యార్డులో తేజ మిర్చి బస్తాల మధ్య తుమ్ముతూ నడిచినవాడినెవరినైనా అడగండి, మిరపకాయ మనది కాదంటే కొడతాడు. అది కూడా అమెరికా నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందే.

విత్తనమైతే జేబులో కూడా సముద్రం దాటుతుంది. బతికున్న మొక్కని దాటించడం అలా కాదు. ఓడలో ఆరునెలల ప్రయాణం, ఉప్పుగాలి, మనుషులకే తాగునీళ్ళు కొరత. చాలా మొక్కలు దారిలోనే చచ్చేవి. ఈ చిక్కు విప్పింది నథానియెల్ బ్యాగ్‌షా వార్డ్ అనే లండన్ డాక్టరు. 1829లో ఆయన ఒక మాత్ పురుగు ప్యూపాని తడిమట్టితో సహా గాజుసీసాలో మూసిపెట్టాడు. ప్యూపా సంగతేమో కానీ ఆ మట్టిలోంచి ఫెర్న్ మొక్క, గడ్డి మొలిచాయి. నీళ్ళు పొయ్యకుండానే బతికాయి. పగలు ఆవిరైన నీరు గాజుకి పట్టి రాత్రి మళ్ళీ మట్టిలోకే జారుతోంది. 1833లో అలాంటి పెట్టెలు రెండు చేసి మొక్కలతో సిడ్నీకి పంపితే క్షేమంగా చేరాయి. వెనక్కి ఆస్ట్రేలియా మొక్కలతో వచ్చాయి. వాటినే వార్డియన్ పెట్టెలన్నారు.

ఆ పెట్టె చేసిన పని చూడండి. 1848-51 మధ్య రాబర్ట్ ఫార్చ్యూన్ ఈస్టిండియా కంపెనీ కోసం చైనా నుంచి సుమారు 20 వేల తేయాకు మొక్కలు హిమాలయాలకి చేరేశాడు. 1860ల మొదట్లో దక్షిణ అమెరికా నుంచి సింకోనా నీలగిరులకొచ్చింది. 1876లో బ్రెజిల్ నుంచి లండన్ వచ్చిన రబ్బరు గింజలు మొలకెత్తాక, ఆ నారు ఇవే పెట్టెల్లో సిలోన్‌కి వెళ్ళింది. ఒక గాజుపెట్టె వల్ల తోటలు వెలిశాయి, వాటిలో పనికి మన తెలుగువాళ్ళతో సహా లక్షలమంది కూలీలు ఓడలెక్కారు. మొక్క కదిలితే మనిషి కూడా కదలాల్సి వచ్చింది.

మన గోదావరి జిల్లాలో ఈ కథ వార్డ్ కంటే ముందే మొదలైంది. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో కంపెనీ తోట నడిపాడు. స్థానిక మొక్కలకి బొమ్మలు వేయించాడు, వాటి తెలుగు పేర్లు రాసిపెట్టుకున్నాడు, బయటి మొక్కలు తెచ్చి పెంచి చూశాడు. ఆ తర్వాత కలకత్తా తోటకి వెళ్ళాడు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని పేరు.

పుష్యం: సారపాకలో నకళ్ళు, అడవిలో గీతలు

చలికాలం అమ్మకి కాస్త తీరిక. కొత్తిమీర, మెంతి, పాలకూర చల్లితే చాలు, అవే వస్తాయి. మల్లెకి మాత్రం శిక్షాకాలం. నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలి. అలా చేస్తేనే ఎండాకాలానికి విరగబూస్తుంది.

ఈ కాలంలోనే బస్సులో భద్రాచలం వెళ్తుంటే కొత్తగూడెం దాటాక రెండువైపులా జామాయిల్ తోటలు కనిపిస్తాయి. నిటారుగా, ఒకే లావు, ఒకే ఎత్తు, కాపీ పేస్ట్ చేసినట్టు. నిజంగానే కాపీ పేస్టు. భద్రాచలానికి గోదారి ఇవతల సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు 1979లో ఉత్పత్తి మొదలెట్టింది. కలప కోసం 1989 నుంచి వాళ్ళు జామాయిల్ క్లోన్ల మీద పనిచేశారు. ఏపుగా పెరిగిన చెట్టుని ఎంచుకుని, నరికిన మొద్దు మీద వచ్చే చిగురు కొమ్మలు కత్తిరించి, వేళ్ళు పుట్టించే హార్మోను అద్ది, చిన్న చిన్న గొట్టాల్లాంటి కుండీల్లో గుచ్చి, మంచులా నీళ్ళు చిమ్మే గదిలో ఉంచుతారు. అలా వచ్చిన మొక్కలకి పేర్లుండవు, నంబర్లే. 3, 7, 413... మన వెర్షన్ నంబర్లలా. భద్రాచలం క్లోన్లంటే దేశమంతా తెలుసు.

నాకు ఆసక్తి కలిగించింది ఆ గొట్టం. దాన్ని రూట్ ట్రెయినర్ అంటారు. అంతకుముందు నర్సరీల్లో అంతటా నల్ల పాలిథిన్ సంచులే. సంచిలో మొక్క ఎక్కువకాలం ఉంటే వేరు గోడకి తగిలి గుండ్రంగా తిరుగుతుంది. అలాంటి మొక్కని నేలలో పెట్టినా వేరు ఆ తిరుగుడు మానదు. చెట్టు పైకి బాగానే కనిపిస్తుంది, ఎప్పుడో గాలివానకి కూలుతుంది. రూట్ ట్రెయినర్ లోపల నిలువు గట్లుంటాయి, వేరుని తిరగనివ్వకుండా కిందికి నడిపిస్తాయి. అడుగున రంధ్రం. అక్కడ గాలి తగిలి వేరు కొన ఆగిపోతుంది, పక్కనుంచి కొత్త వేళ్ళొస్తాయి. అంటే దాన్ని తయారుచేసినవాడు మొదటిరోజే ఒప్పుకున్నాడు, ఈ మొక్క ఇక్కడ ఉండిపోవడానికి రాలేదని.

అదే దారిలో ఇంకాస్త లోపలికెళ్తే వేరే మొక్కలు, వేరే కథ. కోయలు, కొండరెడ్ల పోడు. పోడులో నేల కదలదు, మనిషే కదులుతాడు. ఒకచోట కొన్నేళ్ళు పండించి, ఆ చోటు మళ్ళీ అడవయ్యేదాకా వదిలేసి, ఇంకోచోటికి వెళ్తాడు. కుండీకి సరిగ్గా తిరగేసిన పద్ధతి. ప్రభుత్వాలకి ఇది ఎన్నడూ నచ్చలేదు. మా రేకపల్లి ప్రాంతంలో మధ్యపరగణాల పాలన ఉన్నప్పుడు గొడ్డలికి నాలుగణాల పన్ను, ఎంతైనా కొట్టుకోవచ్చు. 1874లో మద్రాసు కిందికొచ్చాక పన్ను సుమారు మూడింతలైంది, కొన్ని చోట్ల అసలు పోడే వద్దన్నారు. 1879లో రంప తిరుగుబాటు మా దాకా పాకడానికి అదొక కారణం.

ఇప్పటికీ ఆ గీతలు చెరగలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2015లో తెలంగాణలో హరితహారం మొదలై ఊరూరా సంచుల్లో మొక్కలు పెంచారు. మంచిదే. కానీ అడవి అంచున ఒక సంచి మొక్క నేలలో దిగిందంటే అది మొక్క మాత్రమే కాదు, ఈ నేల ఎవరిదన్న దానికి సాక్ష్యం. అధికారులు నాటడం, సాగు చేసుకునేవాళ్ళు పీకడం, కేసులు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఇలాగే ప్లాంటేషన్ మొక్కల దగ్గర మొదలైన గొడవలో అటవీ రేంజ్ అధికారి ఒకాయన హత్యకు గురయ్యాడు. ఆయన తన ఉద్యోగం తను చేస్తున్న మనిషి. నిందితులు గుత్తికోయలు, ఛత్తీస్‌గఢ్‌లో హింస తట్టుకోలేక ఇటొచ్చిన వాళ్ళ జాతి. బాల్కనీలో కూర్చుని ఎవరిది తప్పో తేల్చడం నావల్ల కాలేదు. ఇరవై రెండు కుండీలకి ఇంత పచ్చదనమా అని మురిసిపోవడం మాత్రం ఆరోజు మానేశా.

చైత్రం: పాలికలు

శ్రీరామనవమికి భద్రాచలంలో కళ్యాణం అందరికీ తెలుసు. అంతకుముందు జరిగే అంకురార్పణ చాలామంది గమనించరు. పవిత్రమైన చోటు నుంచి మట్టి తెచ్చి, పాలికలనే చిన్న మట్టిపాత్రల్లో నింపి, నవధాన్యాలు చల్లుతారు. మన పెళ్ళిళ్ళలోనూ ఉంది కదా, ఫోటోగ్రాఫరు తొందరపెడుతుంటే గబగబా కానిచ్చేస్తాం. మనదగ్గర అన్నిటికంటే పాత 'కంటెయినర్ గార్డెన్' ఇదేనేమో. తీజ్ బుట్టలాగే ఇది కూడా కొద్దిరోజుల ముచ్చట. ఉత్సవం అయ్యాక ఆ మొలకలు నీళ్ళకే.

2025లో నవమి ఏప్రిల్ 6న వచ్చింది. సరిగ్గా ఆరు రోజులకి, 12న, ఖమ్మం దగ్గర రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య గారు పోయారు. దరిపల్లి రామయ్య అసలు పేరు. మెడలో "వృక్షో రక్షతి రక్షితః" బోర్డు వేసుకుని, సైకిల్ మీద మొక్కలు, జేబుల్లో విత్తనాలు పెట్టుకుని తిరిగిన మనిషి. కోటికి పైగా మొక్కలు నాటారంటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. వార్త వినగానే అమ్మ టీవీ ఆపేసి అంది, "ఆయన ఒక్క మొక్కన్నా ఇంట్లో పెట్టుకున్నాడంటావా? అన్నీ రోడ్డుపక్కనే, కాల్వగట్టునే."

నాకు అప్పటికి ఏడాదిగా పోగేసిందంతా ఒక్కచోటికొచ్చింది. పాలిక, తీజ్ బుట్ట, నాయనమ్మ డాల్డా డబ్బా, వార్డ్ పెట్టె, సారపాక గొట్టం. ఒక్కటి కూడా మొక్క కడదాకా ఉండాల్సిన చోటు కాదు. కుండీని శాశ్వత చిరునామా చేసింది మనమే, అపార్ట్‌మెంట్లవాళ్ళం.

మృగశిర: ఎక్కడి నేల?

అమ్మ హైదరాబాద్ రావడం వెనక కూడా ఒక అంకె ఉంది. 71.3. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదారి వచ్చిన అడుగులు. 1986 తర్వాత అంత వరద రావడం అప్పుడే. నాన్న పోయాక ఒక్కతే ఉండేది. నీళ్ళు తీశాక వెనకగోడ కూలిపోయింది. బలవంతం చేసి తీసుకొచ్చా. పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన లేచిన పిలకని తవ్వి, పెయింటు బకెట్లో పెట్టుకుని కారెక్కింది. నేను కూడా నాన్నలాగే తిట్టా.

మా ఊరు కదలకుండానే చాలాసార్లు చిరునామా మారింది. 1860 దాకా నిజాంది. తర్వాత ఇంగ్లీషువాళ్ళది, మధ్యపరగణాల్లో. 1874లో మద్రాసు. 1959లో ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ముంపు పేరున ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు తూర్పుగోదావరి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆధార్ కార్డులో అడ్రస్ మార్చడానికి నేను పడ్డ తిప్పలు మరోసారి. ఇప్పుడు ఊరు ముంపు జాబితాలో ఉంది. మా మామయ్యవాళ్ళకి పునరావాస కాలనీలో ఇల్లొచ్చింది. కోయల ఇళ్ళు మాకంటే ఎక్కువ పోతున్నాయి. పెరడు, చింతచెట్టు, సొరపాదు పాకే కప్పు, వెనకాల అడవి, వీటిలో ఇంటికి తప్ప దేనికీ సరైన లెక్క కట్టడం కుదరదు. కాలనీ ఇల్లు చూస్తే నాకు నర్సరీ వరసలు గుర్తొచ్చాయి. ఒకే సైజు, ఒకే దూరం, నంబర్లు.

మనం ఐటీ జనం ఊళ్ళు వదిలొచ్చి బెంగపడుతూ కవితలు రాస్తుంటాం. నేనూ రాశా. కానీ మనది మనం ఎత్తుకున్న కుండీ. కావాలంటే ఇంకో బాల్కనీకి మార్చుకుంటాం. వాళ్ళది ఇంకెవరో ఎత్తి పెట్టిన కుండీ. రెండూ ఒకటి కాదు.

2025 మృగశిర కార్తెలో, నాలుగు చినుకులు పడ్డాక, గ్రోబ్యాగ్‌ని కారు వెనకసీట్లో పెట్టుకుని బయల్దేరాం. ముందు పాత ఇంటికెళ్ళాం. పెరట్లో తల్లి కరివేపాకు చెట్టు ఇంకా ఉంది, మొదలంతా ఒండ్రు. "ఇక్కడే పెడదామా?" అన్నా. అమ్మ మాట్లాడలేదు. గుప్పెడు ఆకు తుంచి చీరకొంగులో మూటకట్టుకుంది. "పద, మీ మామయ్య ఎదురుచూస్తుంటాడు" అంది.

కాలనీలో మామయ్య గుంట తీసి ఉంచాడు. బ్యాగ్ కోసి మొక్కని తీస్తే, ఏడాది కిందట మేము పైపైన కత్తిరించిన చుట్ట లోపల అలాగే ఉంది. దింపబోతుంటే అమ్మ ఆపి, కూరగాయల కత్తి తీసుకుని ఆ వేళ్ళ ముద్దని నాలుగువైపులా నిలువునా కోసింది.

"వేరు కోస్తే చచ్చిపోదా అమ్మా?"

"కొయ్యకపోతే నేలలో పెట్టినా అట్లాగే తిరుగుద్దిరా."

మొదటి నెల ఆకంతా రాల్చేసింది. పోయిందనుకున్నాం. ఆగస్టులో మామయ్య ఫోటో పంపాడు, కణుపుల దగ్గర ఎర్రటి చిగుళ్ళు. బాల్కనీలో ఇప్పుడు ఇరవై ఒక్క కుండీలు.

మీ బాల్కనీలో మూడేళ్ళు దాటిన చెట్టుజాతి మొక్కేదైనా ఉంటే ఈ ఆదివారం ఒకసారి బయటికి లాగి వేళ్ళు చూడండి. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. నేల దొరికితే సరే. ఆ పెట్టేముందు కత్తి మర్చిపోకండి.